ఎర్రదుమ్ము, బైకు, పెళ్లి పందిరి: మన వైపు పనికొచ్చే కెమెరా బ్యాగు ఎంచుకోవడం ఎలా?

కెమెరా బ్యాగు కొనేటప్పుడు చాలామంది ముందు లీటర్లు చూస్తారు, తర్వాత ధర, ఆఖర్న రంగు. కర్నూలు, అనంతపురం, కడప వైపు పనిచేసేవాళ్లు వీటికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. బ్యాగును బైకు మీద మోస్తారా, ఆర్టీసీ బస్సులోనా, కారులోనా? పని దగ్గర దాన్ని దేని మీద దించుతారు, గచ్చు మీదా, మట్టిలోనా? లెన్సు మార్చాల్సి వచ్చినప్పుడు దాన్ని విప్పడానికి మీకు దొరికే సమయం ఎంత? ఈ మూడూ తేలితే అంగట్లో కనిపించే బ్యాగుల్లో ముప్పాతిక భాగం వాటంతటవే పక్కకు పోతాయి.

ముందు టేపు పట్టుకోండి

మంచం మీద దుప్పటి పరిచి, ఒక రోజు పనికి నిజంగా తీసుకెళ్లే సామాన్లు మాత్రమే దాని మీద పేర్చండి. ఇంట్లో ఉన్నవన్నీ వద్దు. ఎప్పుడూ తగిలించి ఉంచే లెన్సును బాడీకి తగిలించే పెట్టండి. లెన్సు ముందు తగిలించే హుడ్‌లు తిరగేసి బిగించండి. ఒక్కో వస్తువుకూ మధ్య డివైడర్ (అరలు విడదీసే స్పంజి పలక) కోసం 1 సెం.మీ. వదలండి. ఛార్జర్, ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, విడి బ్యాటరీలు, మెమరీ కార్డుల డబ్బా కూడా ఒక మూలకు చేర్చి, మొత్తం పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి.

ఎక్కువమంది మోసపోయేది లోతు దగ్గర. బ్యాగులో కెమెరాను మామూలుగా లెన్సు బ్యాగు అడుగువైపో నెత్తివైపో చూసేట్టు పడుకోబెడతాం. అప్పుడు బాడీ ఎత్తు బ్యాగు లోతులోకి వస్తుంది. సోనీ ఏ7-4 బాడీ ఎత్తు 9.6 సెం.మీ., కాబట్టి 11-12 సెం.మీ. లోతు చాలు. కెనాన్ 5డి మార్క్ 4కు 11.6 సెం.మీ., అంటే 13 కావాలి. గ్రిప్‌తో (అడుగున అదనంగా ఉండే పిడి) కలిసే వచ్చే నికాన్ జెడ్9 లాంటిదానికి 15 సెం.మీ. బాడీకే పోతుంది. బాడీకి విడిగా బ్యాటరీ గ్రిప్ బిగించేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. లోతు చాలకపోతే జిప్పు పడుతుంది గానీ లోపల మోడ్ డయల్ మీద, ఆన్ స్విచ్ మీద ఒత్తిడి పడుతుంది. దారిలో కెమెరా దానంతటదే ఆన్ అయి, బ్యాటరీ అయిపోయి కనిపించడానికి ఇది ఒక కారణం. కొన్నాళ్లకు జిప్పు కూడా నడుమ విచ్చుకుంటుంది.

పొడవు సంగతి. దూరంగా ఉన్నవాటిని దగ్గరకు లాగే 70-200 2.8 జూమ్ లెన్సులు చాలావరకు 20 సెం.మీ. దాకా ఉంటాయి. బాడీకి తగిలించి పెట్టాలంటే 28 సెం.మీ. తిన్నని గది ఉండాలి. సోనీ 200-600 లెన్సు ఒక్కటే దాదాపు 32 సెం.మీ.; బాడీతో కలిపి పెట్టాలంటే లోపలి పొడవు 42 సెం.మీ.కు తగ్గకూడదు. ఆన్‌లైన్ పేజీలో రెండు కొలతలు ఇస్తారు, బయటివి, లోపలివి. మీకు కావలసింది లోపలివి. అవి ఇవ్వని బ్యాగు జోలికి పోకపోవడమే మంచిది. లీటర్ల లెక్క ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా వేస్తుంది. ల్యాప్‌టాప్ అర, ముందరి జేబులు అన్నీ అందులో కలిపేస్తారు.

బరువు కూడా కూడి చూడండి

పెళ్లి పనికి వెళ్లే ఒక మామూలు కిట్ తీసుకుందాం. ఏ7-4 బాడీలు రెండు 1.3 కిలోలు, 24-70 జీఎం 2 లెన్సు 0.7, 70-200 జీఎం 2 లెన్సు 1.05, 35 1.8, 85 1.8 లెన్సులు రెండూ కలిపి 0.65. బ్యాటరీలతో రెండు ఫ్లాష్‌లు దాదాపు 1.3 కిలోలు. విడి బ్యాటరీలు, ఛార్జర్, ట్రిగ్గర్ కలిపి ముక్కాలు కిలో అనుకోండి. ఇక్కడికే 5.75 కిలోలయింది. ఖాళీ బ్యాగే 2 కిలోలుంటుంది. ల్యాప్‌టాప్, లీటరు నీళ్ల బాటిల్ వేస్తే పది కిలోలు దాటిపోతుంది.

ఆరేడు కిలోల దాకా మంచి భుజం పట్టీలు సరిపోతాయి. ఎనిమిది దాటితే నడుముకు బిగించే వెడల్పాటి బెల్టు ఉండి తీరాలి, బరువు భుజాల మీంచి తుంటి ఎముకల మీదికి దిగేది దానివల్లే. రెండు వేళ్ల వెడల్పు పలచటి పట్టీ బ్యాగును కదలకుండా పట్టుకుంటుందే తప్ప బరువు మోయదు. అరచేతి వెడల్పు, లోపల గట్టి స్పంజి ఉన్నదే బెల్టు కింద లెక్క. వేసుకునేటప్పుడు ముందు పట్టీలన్నీ వదులు చేయండి. నడుము బెల్టును తుంటి ఎముకల మీద బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు, చివర్న ఛాతీ పట్టీ లాగండి. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన బ్యాగైనా భుజాలు లాగేస్తుంది.

బైకు మీద

మన దగ్గర ఫొటోగ్రాఫర్లలో ఎక్కువమంది బైకు మీదే తిరుగుతారు. అందుకే బ్యాగును నిలబడి వేసుకుని చూస్తే చాలదు, బైకు మీద కూర్చుని చూడాలి. బ్యాగు అడుగు సీటుకు ఆనీ ఆననట్టు ఉండాలి. పూర్తిగా కిందికి జారితే ప్రతి గుంతకూ సీటు బ్యాగును పైకి ఎగదంతుంది. మరీ పైకి ఉంటే హెల్మెట్ వెనక భాగం బ్యాగు నెత్తికి తగిలి, తల తిప్పి అద్దం చూడటం కష్టమవుతుంది. మీ వీపు పొడవు తక్కువైతే 50 సెం.మీ. ఎత్తున్న బ్యాగు మీకు బైకు మీద పనికిరాదు, 43-45 దగ్గర ఆగండి.

బ్యాగును పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకోవడం, వెనక క్యారియర్‌కు రబ్బరు తాడుతో కట్టడం రెండూ వద్దు. ఇంజిన్ కంపనం, రోడ్డు అదురు నేరుగా లెన్సుల్లోకి దిగుతాయి. అది ఒక్క దెబ్బ కాదు, గంటల తరబడి సాగే సన్నటి అదురు. లెన్సు లోపలి చిన్న చిన్న మరలు వదులవుతాయి. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ భాగాలు లెన్సులోనూ, ఇప్పటి బాడీల్లో సెన్సార్ కిందా ఉంటాయి, అవీ దెబ్బతినవచ్చు. ఎక్కువ శక్తిగల బైకుల హ్యాండిల్‌కు ఫోన్ బిగిస్తే దాని కెమెరా పాడవ్వచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. వీపు మీద ఉంటే ఆ అదురులో చాలా భాగం ఒళ్లే మింగేస్తుంది. స్కూటర్ ఫుట్‌బోర్డు మీద పెట్టక తప్పని రోజున అడుగున 5 సెం.మీ. మందం స్పంజి వేసి, బ్యాగును నిలువుగా నిలబెట్టండి.

వేలాడే పట్టీ కొసల సంగతి మరిచిపోతారు. నడుము బెల్టు విప్పి వదిలేస్తే ఆ కొస చక్రంలోనో చైనులోనో పడుతుంది. కొసలు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. బెల్టును బ్యాగు వెనక దోపుకునే జేబున్న మోడల్ దొరికితే దానికే మొగ్గు చూపండి. ట్రైపాడ్‌ను పక్కన తగిలించుకుంటే బరువు ఒకవైపు లాగుతుంది, ఇరుకు సందుల్లో ఆటోలకు తగులుతుంది. నడుమ నిలువుగా కట్టే ఏర్పాటున్న బ్యాగు బైకుకు మేలు.

దుమ్ము

వానకంటే దుమ్మే మనకు పెద్ద శత్రువు. ఆషాఢం గాలికి అనంతపురం పల్లెల్లో లేచే ఎర్రదుమ్ము పౌడరులా సన్నగా ఉంటుంది. అది గుడ్డలోంచి రాదు, జిప్పు పళ్ల సందుల్లోంచి వస్తుంది. కాబట్టి జిప్పు మీద కనీసం 2 సెం.మీ. గుడ్డ మడత కప్పి ఉందా అని చూడండి. పైన రబ్బరులాంటి పూత ఉన్న వాటర్‌ప్రూఫ్ జిప్పులు దుమ్మును బాగానే ఆపుతాయి గానీ, ఇసుక రేణువులు ఆ పూతను గీకుతాయి, జిప్పును నడిపే రన్నర్ బిగుసుకుంటుంది. అలాంటి జిప్పున్న బ్యాగు తీసుకుంటే మెత్తటి బ్రష్‌తో తరచూ తుడిచే ఓపిక ఉండాలి.

మామూలు నైలాన్ జిప్పులో పట్టేసిన దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పళ్ల మీద కొవ్వొత్తి ఒకసారి రుద్దితే రన్నర్ మళ్లీ తేలిగ్గా నడుస్తుంది. నూనె మాత్రం వేయకండి, జిడ్డుకు దుమ్ము ఇంకా పట్టుకుంటుంది.

బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్‌ను మడిచి అడుగు జేబులో వదిలేయకండి. మట్టిరోడ్డు ఎక్కే ముందు అది తొడిగితే సగం దుమ్ము ఆగిపోతుంది. ఊరు చేరాక కవర్ విప్పి, దూరంగా వెళ్లి దులిపి, ఆ తర్వాతే జిప్పు తీయాలి. కవర్ లేని బ్యాగు కొంటే ఆ కొలతకు విడిగా దొరికేది తప్పకుండా తీసుకోండి.

నెలకోసారి డివైడర్లన్నీ ఊడదీసి, బ్యాగును తలకిందులు చేసి తట్టి, వాక్యూమ్ క్లీనర్‌తో మూలలు లాగండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించడం తేలికే, కానీ ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర్లు, నూనె కలిసి వస్తాయి. బ్యాగుకే మంచిది కాదు, కెమెరాకు అసలే కాదు.

లోపలి గుడ్డ లేత బూడిద రంగో పసుపో ఉంటే నల్లటి లెన్సు మూత, పడిపోయిన కార్డు, చేరిన మట్టి అన్నీ కంటికి ఆనుతాయి. నల్లటి లోపలి గుడ్డలో రాత్రి పందిట్లో కార్డు వెతకడం నరకమే.

ఎటు తెరుచుకుంటుంది?

ముందువైపు తెరుచుకునే బ్యాగును దించినప్పుడు వీపుకు ఆనే భాగం నేల మీద పడుతుంది. ఎర్రమట్టో నల్లరేగడి బురదో పట్టీలకు అంటుకుని, మళ్లీ వేసుకోగానే చొక్కాకు ఎక్కుతుంది. పెళ్లివాళ్ల ముందు అదేం బాగుంటుంది? వీపువైపు తెరుచుకునే బ్యాగులో ఈ ఇబ్బంది లేదు, బయటి మొఖం నేలకు ఆనుతుంది, పట్టీలు పైకి ఉంటాయి. బస్సులో నిలబడినప్పుడు వెనకవాళ్లు జిప్పు తీయడానికీ వీలుండదు. మన అవసరాలకు మొదట చూడాల్సింది ఈ రకమే. కాకపోతే విప్పడానికి బ్యాగు పూర్తిగా దించాలి, పది పదిహేను సెకన్లు పడుతుంది.

పక్క నుంచి తెరుచుకునేవి చురుకు. ఒక భుజం పట్టీ జార్చి, బ్యాగును ముందుకు తిప్పి, కెమెరా లాగేయవచ్చు. వీధుల్లో తిరిగి ఫొటోలు తీసేవాళ్లకు బాగుంటాయి. అయితే ఆ పక్క జిప్పు మూయడం మరిచి బ్యాగు ఎత్తితే కెమెరా నేల మీద ఉంటుంది. లోపల అడ్డంగా ఒక చిన్న కొక్కెం పట్టీ ఉన్న మోడల్ అయితే జిప్పు మరిచినా వస్తువు జారదు.

పెళ్లిలో

తలంబ్రాల సమయంలో వేదిక పక్కన తెరిచి పెట్టిన బ్యాగు ఒక్కసారి చూడండి. పసుపు బియ్యం గింజలు డివైడర్ల సందుల్లో, పార్టీ పాపర్ల మెరుపు కాగితాలు లెన్సు హుడ్‌లో, కుంకుమ జిప్పు అంచున. ఒక్క బియ్యపు గింజ రన్నర్ కింద ఇరుక్కుంటే చాలు, కంగారులో బలంగా లాగినప్పుడు జిప్పు పళ్లు వంగిపోతాయి. మెరుపు కాగితాల పొడి సెన్సార్ మీద పడితే అదింకా తంటా.

అందుకని పెళ్లికి ఒకే బ్యాగు చాలదు. పెద్ద బ్యాగు గదిలో, తాళం వేసి, ఇంటివాళ్లలో బాధ్యత గలవాళ్లకు చెప్పి ఉంచాలి. ఒంటి మీద ఒకే పట్టీతో అడ్డంగా వేసుకునే చిన్న స్లింగ్ బ్యాగో, నడుముకు కట్టే లెన్సు పౌచో ఉండాలి. స్లింగ్‌లో రెండు చిన్న లెన్సులు, రెండు బ్యాటరీలు, కార్డులు పడితే చాలు, 6 లీటర్ల లోపు. అంతకంటే పెద్ద స్లింగ్ వంగినప్పుడల్లా ముందుకు జారి పెళ్లికూతురు పక్కన కూర్చున్నవాళ్లకు తగులుతుంది. స్లింగ్ మూత ఒక్క చేత్తో తెరిచి, ఒక్క చేత్తో మూయగలిగేట్టు ఉండాలి. కొనే ముందు ఎడమ చేత్తో కెమెరా పట్టుకుని కుడి చేత్తో ప్రయత్నించి చూడండి.

లైట్లు, స్టాండ్లు, గొడుగులు వేరే సంచిలో. వాటిని కెమెరాలతో కలిపి వేస్తే స్టాండు కాలు లెన్సును పొడుస్తుంది. చక్రాల బ్యాగు కల్యాణ మండపం గచ్చు మీద హాయిగా నడుస్తుంది గానీ పల్లెలో ట్రాక్టరు దారిన లాగితే చక్రాలు వారంలో పోతాయి.

కొండలు, గుహలు, గడ్డిమైదానాలు

గండికోటలో పెన్నా లోయ అంచున రాళ్ల మీద అటూ ఇటూ దాటాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. స్లింగ్ ముందుకు ఊగి బ్యాలెన్స్ తప్పిస్తుంది. రెండు భుజాల బ్యాగు, ఛాతీ పట్టీతో బిగించింది, అదే సరైనది. గాలి ఎక్కువున్నప్పుడు ట్రైపాడ్ నడుమ కొక్కేనికి బ్యాగును తగిలించాలంటే బ్యాగు నెత్తిన గట్టి పిడి ఉండాలి. కింద రాయికి ఆనేంత కిందికి వేలాడదీయండి, లేకుంటే బ్యాగే గాలికి ఊగి ట్రైపాడ్‌ను కదిలిస్తుంది.

అహోబిలంలో జ్వాలా నరసింహుడి దారి, ఉక్కు స్తంభం అనే శిఖరం ఎక్కేవాళ్లు కోతులను లెక్కలో పెట్టుకోండి. పక్క జాలీ జేబుల్లో నీళ్ల బాటిల్, బిస్కెట్ పొట్లం కనిపిస్తే లాక్కుపోతాయి. తినేవి ఏవీ కెమెరా బ్యాగులో పెట్టకుండా, నీళ్లు లోపలి అరలో పడే బ్యాగు చూసుకోండి. ఆ అర కెమెరా గదితో కలవకూడదు.

బెలూం గుహల్లో కొన్నిచోట్ల తల వంచి, పక్కకు తిరిగి పోవాలి. వెనక ఎత్తుగా పొంగిన బ్యాగు పైకప్పు రాళ్లకు రాసుకుంటుంది. లోపల ఉక్కపోత, తేమ. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి వెళ్లి బ్యాగు తెరిస్తే చల్లటి లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది. జిప్పు మూసే ఉంచి, బ్యాగును బయటి వేడికి 20-30 నిమిషాలు అలవాటు పడనివ్వండి. మందపాటి స్పంజి ఉన్న బ్యాగు చల్లదనాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, దానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి.

రోళ్లపాడు లాంటి గడ్డిమైదానాల్లో పిట్టలు, కృష్ణజింకల కోసం కూర్చునేవాళ్లకు వెల్క్రో మూత పనికిరాదు. ఆ చర్రుమనే చప్పుడుకే కృష్ణజింకలు చెదిరిపోతాయి. పైగా గడ్డి ముళ్లు వెల్క్రోకూ, వీపు దగ్గరి జాలీకీ అతుక్కుంటాయి. పల్లేరు కాయ ఒకటి జాలీలో దిగితే వేసుకున్న మరుక్షణం వీపుకు గుచ్చుకుంటుంది. జాలీకి బదులు నున్నటి గుడ్డ ఉన్న వీపు భాగం ఇక్కడ మేలు, చెమట కాస్త ఎక్కువ పట్టినా సరే.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం తీయాలనుకుంటే వీపు బ్యాగు వద్దేవద్దు. కర్రలు, కాగడాలు, తోపులాట మధ్య మీ వెనక ఏముందో మీకు కనిపించదు. బాడీ, ఒక లెన్సు, ఛాతీకి బిగుతుగా కట్టిన చిన్న సంచి చాలు.

గుడ్డ, కుట్టు, స్పంజి పరీక్ష

బ్యాగు చీటీ మీద 600డి, 1680డి అని ఉంటుంది. డి అంటే డెనియర్, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. అంకె పెద్దదైతే దారం లావు. 600డి పాలిస్టర్ మామూలు వాడకానికి ఆగుతుంది. 1680డి బాలిస్టిక్ నైలాన్ రాళ్ల రాపిడికి ఎక్కువ కాలం నిలుస్తుంది, బరువూ ఎక్కువే. లోపలివైపు తడిమి చూడండి, జిగటగా తగిలినా, పూత పొట్టు రాలినా ఆ బ్యాగు నిల్వ సరుకు. నీళ్లు ఆపే పాలీయురెథేన్ పూత వేడికీ తేమకూ కొన్నేళ్లలో పాడవుతుంది.

డివైడర్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే లేస్తే మంచి ఫోమ్. గుంట అలాగే నిలిచిపోతే మామూలు మెత్త స్పంజి, ఆరు నెలల్లో అప్పడంలా అణిగిపోతుంది. మందం 8-10 మి.మీ. ఉండాలి, అడుగు భాగం అంతకంటే మందంగా.

భుజం పట్టీ బ్యాగుకు కలిసేచోట చతురస్రం లోపల అడ్డగీతలతో దట్టంగా కుట్టి ఉందా చూడండి. ఒకే వరస కుట్టు ఉంటే తెగేది అక్కడే. తెగినా బ్యాగు పారేయక్కర్లేదు, చెప్పులు కుట్టేవాళ్లు నైలాన్ దారంతో రెండు వరసలు వేస్తే కొత్త కుట్టుకంటే గట్టిగా ఉంటుంది. రన్నర్ పోతే రన్నర్ ఒక్కటే మార్పించండి. జిప్పు పడకపోవడానికి పళ్లకంటే రన్నర్ అరగడమే కారణమయ్యేది ఎక్కువ. ప్రధాన జిప్పు 8 లేదా 10 నంబర్‌ది ఉండాలి. 5 నంబర్ చిన్న జేబులకు సరిపోతుంది.

డబ్బు తక్కువున్నవాళ్లు కాలేజీ బ్యాగు కొని లోపల విడిగా దొరికే కెమెరా ఇన్సర్ట్ (స్పంజి అరల పెట్టె) పెట్టుకోవచ్చు. ఒక బాడీ, రెండు లెన్సుల వరకు ఇది నిజంగా మంచి ఏర్పాటు. బస్సులో ఎవరి కన్నూ పడదు. 70-200 చేరిన రోజు నుంచి మాత్రం ఆ పలచటి పట్టీలు చాలవు.

ఎండ, నిల్వ, విమానం

మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. లిథియం బ్యాటరీలకు అది ప్రమాదం, లెన్సుల్లోని గ్రీజుకూ మంచిది కాదు. ఎంత మందం స్పంజైనా దాన్ని ఎక్కువసేపు ఆపలేదు, కాబట్టి బ్యాగును కారులో వదలకండి. నల్ల బ్యాగు ఎండను ఎక్కువ లాగుతుంది, బూడిద, ఖాకీ రంగులు మనకు నయం.

ఇంట్లో కెమెరాలను బ్యాగులో దాచకండి. స్పంజి తేమను పట్టి ఉంచుతుంది, జూలై నుంచి నవంబరు వరకు లెన్సులకు ఫంగస్ వచ్చేది ఇలాగే. గాలి పోని డబ్బాలో రంగు మారే సిలికా జెల్‌తో, తేమ 40-50 శాతం మధ్య ఉంచండి. నవంబరు తుపానుల్లో కడప వైపు పనికెళ్తే రెయిన్ కవర్ ఒక్కటే నమ్ముకోవద్దు, వీపువైపు అది మూయదు, మెడ మీంచి కారిన నీళ్లు అటే దిగుతాయి. లోపల మందపాటి పాలిథీన్ సంచి ఒకటి ఉంచండి.

ఓర్వకల్లు, కడప విమానాశ్రయాల నుంచి వెళ్లేవాళ్లు: దేశీయ విమానాల్లో చేతి సామానుకు సాధారణంగా 7 కిలోల పరిమితి, 55×35×25 సెం.మీ. కొలత. చిన్న ఏటీఆర్ (ప్రొపెల్లర్) విమానాల్లో పై అరలు ఇంకా ఇరుకు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో వేయకూడదు, మీతోనే ఉండాలి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చీటీలు తెంపకముందే వాపసు గడువు చూసుకోండి. మొదటి రోజే మీ కిట్ మొత్తం సర్ది, పైన ఒక రెండు కిలోల బియ్యం పొట్లం అదనంగా వేసి, ఒక్క భుజం పట్టీతో బ్యాగును ఎత్తి పట్టుకోండి. కుట్టు దగ్గర గుడ్డ ముడుచుకుని దారం కనిపిస్తే వెనక్కి పంపండి. తర్వాత ప్రతి జిప్పూ నిండు బరువుతో ఇరవై సార్లు తెరిచి మూయండి. చివరగా బ్యాగు వేసుకుని మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, అలాగే బైకు మీద అరగంట తిరిగి రండి. మెడ పక్కన పట్టీ కోసుకుంటోందా, అడుగు సీటుకు తన్నుకుంటోందా, లోపల ఏదైనా గలగలలాడుతోందా అన్నది ఆ అరగంటలో తెలిసిపోతుంది.